తొట్టె తీసేయొద్దు, కిటికీ మూయండి



మన భోజనశాలలోని చేపల తొట్టె గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. పాచి పట్టి అద్దంలోంచి చేపలు కనపడటం లేదు. మొక్కల ఆకుల మీద కూడా జుట్టులాగా పట్టుకొని ఉంది. "కంపు కొడుతోంది, సంక్రాంతి సెలవులకి ముందే తీసేద్దాం" అని చాలామంది అంటున్నారు. నేను వద్దంటాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ముందు మన తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల డ్యూటీ పిల్లలం తొట్టె మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళను బ్లీచింగ్ పౌడరుతో కడిగి కొత్త నీళ్ళు పోసినాం. ఆ డ్యూటీలో నేనూ ఉన్నాను. అద్దం తళతళలాడింది. మూడో రోజుకి నాలుగు చేపలు చచ్చి తేలినాయి. రెండు వారాలకి పాచి మళ్ళీ వచ్చేసింది. నింద మాత్రం అన్నం మెతుకులు వేసిన ఐదో తరగతి తమ్ముడి మీద పడింది. వాడు రాత్రి అన్నం తినకుండా ఏడ్చినాడు. ఇది న్యాయమా?

అసలు సంగతి ఇది. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. గులకరాళ్ళ మీద బతికే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. మనం బ్లీచింగుతో ఆ బాక్టీరియానే చంపినాం. నైట్రేటు మొక్కలకు ఎరువు. మొక్కలు తినగా మిగిలింది పాచి తింటుంది. దానికి తోడు మన తొట్టె మీద పడమటి కిటికీ ఎండ సాయంత్రం దాకా పడుతుంది. ఎరువూ ఎండా మనమే ఇచ్చి, పాచి మొండిది అనడం ఏం బాగుంది?

మా తాత రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు. నీళ్ళు మరీ పచ్చబడితే తెల్లారుజామున రొయ్య పైకి తేలుతుంది అని చెప్పేవాడు. పగలు ప్రాణవాయువు ఇచ్చే పాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. అందుకే అక్కడ రాత్రిళ్ళు నీళ్ళు చిలికే చక్రాలు తిప్పుతారు.

మైలుతుత్తం వేద్దామని ఒక అన్న అన్నాడు. దాంతో పాచి చస్తుంది, నిజమే. నత్తలు కూడా చస్తాయి, చేపలకూ ప్రమాదమే. చచ్చిన పాచి కుళ్ళి ఉన్న ప్రాణవాయువును లాగేస్తుంది.

నేను కోరేది ఇది:

1. కిటికీకి గోనెపట్టా కట్టాలి. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు.
2. మేత రోజుకి ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేంత. అన్నం, బిస్కెట్లు ఎవ్వరూ వేయరాదు.
3. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు గొట్టంతో అడుగు నుంచి తీయాలి. కుళాయి నీళ్ళు ఒకరోజు బకెట్లో నిలవబెట్టి పోయాలి.
4. పాచిని చేత్తో తీయాలి. పాడైన ఆకులు తుంచాలి.
5. త్వరగా పెరిగే నీటిమొక్కలు ఇంకా నాటాలి. అవి తింటే పాచికి కూడు ఉండదు.

ఒక్క రోజులో పోదు. నాలుగైదు వారాలు పడుతుంది.

"చదువుకునే పిల్లలకి చేపలెందుకు" అని కొందరు అడుగుతున్నారు. మనలో చాలామంది అమ్మానాన్నలు నీళ్ళను చూసి బతికినవాళ్ళే. మన పాఠంలోని నైట్రోజన్ వలయం ఆ తొట్టెలో కళ్ళ ముందే జరుగుతోంది. దాన్ని అటక ఎక్కిస్తే నష్టం మనకే.

వార్డెన్ గారూ, దయచేసి రెండు నెలలు గడువు ఇవ్వండి. అప్పటికీ అద్దంలోంచి చేప కనపడకపోతే నేనే మోసి స్టోర్ రూములో పెడతాను. ఆ తమ్ముడికి మాత్రం డ్యూటీ పిల్లలందరి తరపున ఈ గోడ మీదే క్షమాపణ చెబుతున్నాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థి, బోగోలు