ఆవర్తదర్శనము

కళాప్రదర్శనశాలలో అర్చకునకేమి పని యని మిత్రులు పరిహసించుచుందురు. 2014 డిసెంబరులో కొచ్చి బియెన్నాలేకు పోయితిని. ఆస్పిన్‌వాల్ హౌస్‌లో, సముద్రాభిముఖమైన గదిలో, అనీశ్ కపూర్ నిర్మించిన ‘డిసెన్షన్’ ఉండెను: నేలలో నల్లని జలావర్తము, నిరంతరము సుడి తిరుగుచు అధోముఖముగా పోవుచుండెను. అంతే. విగ్రహము లేదు, వర్ణవైచిత్రి లేదు.

అంతకు మునుపే విమర్శవ్యాసములు చదివి యుంటిని. శూన్యము, అగాధము అను పదములు చెవులలో మ్రోగుచుండుటచే మొదట నీరు కనబడలేదు, వ్యాఖ్యానమే కనబడినది. ఆ పదములు అలసిన పిదప గాని నీటిఘోష వినబడలేదు. అప్పుడు భయము కలిగినది.

అట్లని విమర్శను త్యజింపుమనను. సహృదయత్వమునకు కావ్యానుశీలనాభ్యాసము ఆవశ్యకమని అభినవగుప్తపాదుల మతము. అది మనోదర్పణమును నిర్మలము చేయుటకే గాని, అందు ముందుగనే ప్రతిబింబమును లిఖించుటకు గాదు. కావున ముందు చూచి, పిదప చదివి, మరల చూడవలెను. (నేటి వ్యాసములలో పలుమార్లు దర్పణముకన్న చట్రమే పెద్దది.)

ఈ దోషము నాకును కలదు. గర్భగృహము ముందు నిలిచిన భక్తుని, హారతి వెలుగులో మూర్తిని కన్నులార చూడనీయక, స్థలపురాణము వల్లించుచుంటిని. కొచ్చి నుండి వచ్చినది మొదలు హారతి ముగియువరకు మాటలాడుట మానితిని.