మొదట ఒక్క లైటు

పెళ్ళి పందిట్లోనో, జాతర వేదిక మీదో రంగుల లైట్లన్నీ ఒకేసారి మారడం మీరు చూసే ఉంటారు. వాటిని మోసి, నిచ్చెన ఎక్కి బిగించేవారు చాలామంది. బోర్డు ముందు కూర్చుని నడిపేవారు ఒకరిద్దరే. పుదుచ్చేరి దగ్గర పిళ్ళైచావడిలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. నెట్‌వర్కు పాఠం ఆ గేటు లోపలి వారికే గాని, బయట పందిరికి లైట్లు కట్టేవాడికి ఎందుకని అనుకుంటాం. అది పొరపాటని నా అభిప్రాయం.

అయితే పాఠాన్ని కంప్యూటరుతో మొదలుపెట్టకూడదు. ఒక్క లైటు, ఒక్క కేబులు చాలు. 1986లో అమెరికాలో రూపొందిన డీఎంఎక్స్ 512 పద్ధతిలో ఒక కేబులు మీద 512 ఛానెళ్ళుంటాయి. ఒక్కొక్క దానిలో 0 నుంచి 255 వరకు అంకె పంపవచ్చు. వెలుగు ఛానెలులో 0 అంటే ఆరినట్లు, 255 అంటే పూర్తి వెలుగు. నాలుగు ఛానెళ్ళ లైటుకు అడ్రసు 1 పెడితే, పక్కదానికి 5 పెట్టాలి. (రెండింటికీ 1 పెడితే రెండూ ఒకేలా ఆడతాయి. ఒక్కోసారి మనకు కావలసిందీ అదే.)

ఇది చేతికి వచ్చాక నెట్‌వర్కు భయపెట్టదు. ఆర్ట్‌నెట్ వంటి పద్ధతులు ఈ అంకెలనే నెట్‌వర్కు కేబులు మీద మోస్తాయి. అక్కడ మాత్రం ఏ రెండు పరికరాలకూ ఒకే ఐపీ అడ్రసు ఉండరాదు. ఉంటే ప్రదర్శన మధ్యలో లైట్లు మొండికేస్తాయి.

ఇంకొక మాట మొదటిరోజే చెప్పాలి. డీఎంఎక్స్‌లో పంపిన అంకె సరిగా చేరిందో లేదో సరిచూసే ఏర్పాటు లేదు. అందుకే బాణసంచాను, మనిషి నిలబడిన కదిలే వేదికను దానితో నడపరాదు. దీన్ని చివరి పాఠానికి వాయిదా వేసేవారున్నారు. అప్పటికే నేర్చుకునేవాడు జాతర పనికి వెళ్ళిపోయి ఉంటాడు.