డీఏపీ బస్తా, బ్యాటరీ పెట్టె

నాట్ల ముందు సొసైటీ గోదాం దగ్గర చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి నిలబడటం మనకు అలవాటైపోయింది. డీఏపీ లోడు ఎందుకు రాలేదని అడిగితే గుమస్తా ఒకే మాట చెబుతాడు: 'చైనా నుంచి రావట్లేదు.' అది సగం నిజం. మిగతా సగం కావాలంటే గోదాం బయట ఆగి ఉన్న కరెంటు ఆటో వైపు ఒకసారి చూడాలి.

కొత్తగా వస్తున్న ఆటోల్లో, కార్లలో, సోలార్ కరెంటు దాచే పెద్ద పెట్టెల్లో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. ఎల్‌ఎఫ్‌పీ అని పిలుస్తారు. పేరులోనే ఫాస్ఫేట్ ఉంది. మనం దుక్కిలో వేసే భాస్వరం అదే.

దీన్ని 1990ల్లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడ్‌ఇనఫ్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. 1997లో వచ్చిన ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు పాఢి, రెండోది నంజుండస్వామి. మనవాళ్లేనని పేర్లే చెబుతున్నాయి. లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి గుడ్‌ఇనఫ్‌కు 2019లో, 97వ ఏట, మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఈ రకం గొప్పతనం ఏమిటంటే, అందులో భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. పెట్టె వేడెక్కినా ఆక్సిజన్ సులువుగా విడిపోదు, కాబట్టి మిగతా లిథియం రకాలంత తొందరగా అంటుకోదు. ఖరీదైన కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు. ఇనుము, భాస్వరం, కొంచెం లిథియం చాలు. అందుకే చవక, అందుకే ఇంత గిరాకీ.

ఇక లెక్కకు వద్దాం. డీఏపీలో భాస్వరం 46 శాతమని బస్తా మీద రాసి ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ పొడిని అదే కొలతలో చూస్తే 45 శాతం. అంటే టన్ను పొడి తయారైందంటే దాదాపు టన్ను డీఏపీకి సరిపడే భాస్వరం అందులోకి వెళ్లినట్టే. ఒక యూనిట్ కరెంటు దాచుకోవడానికి రెండు కిలోల పైచిలుకు పొడి కావాలి. ఈ లెక్కన మన 50 కిలోల బస్తాలోని భాస్వరం ఒక చిన్న కరెంటు కారు బ్యాటరీకి చాలుతుంది. చైనాలో ఏటా తయారయ్యే ఈ పొడి 20 లక్షల టన్నులు దాటింది. బస్తాల్లో చెప్పాలంటే 4 కోట్ల బస్తాల భాస్వరం.

అలాగని కొరతంతా బ్యాటరీల పుణ్యమే అంటే అబద్ధమవుతుంది. ప్రపంచంలో తవ్వే భాస్వరంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నేటికీ ఎరువులకే పోతోంది. మన అసలు జబ్బు పాతది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కొంత ముడిరాయి ఉన్నా, మన అవసరంలో చాలా భాగం రాయిగానో, ఆమ్లంగానో, తయారైన ఎరువుగానో ఓడల్లో రావాల్సిందే. ప్రపంచ నిల్వల్లో మూడింట రెండొంతులు మొరాకో చేతిలో ఉన్నాయి. తవ్వకంలో చైనా ముందుంది. 2021లో ధరలు మండిపోయి, ఆ మే నెలలో కేంద్రం బస్తా మీద సబ్సిడీని 500 రూపాయల నుంచి 1,200కు పెంచాల్సి వచ్చింది. అదే ఏడాది చివర్లో చైనా ఎగుమతులకు గేటు వేసింది. తన పొలాలకు దాచుకుంటోందని అందరూ అన్నారు. ఇప్పుడు ఆ పొలాల పక్కన దాని బ్యాటరీ ఫ్యాక్టరీలు కూడా అదే భాస్వరం కోసం వరుసలో ఉన్నాయి. ఎకరానికి బస్తా వేసే రైతు, కారు కంపెనీతో పోటీపడి రేటు పాడగలడా?

మనం బ్యాటరీలకు వ్యతిరేకం కాదు. భుజం పడిపోయేలా చేతి పంపు కొట్టినవాళ్లకు చార్జింగ్ స్ప్రేయర్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పగటి ఎండను దాచి సాయంత్రం వాడుకునే ఏర్పాటు పెరిగితే, రాత్రి కరెంటు కోసం టార్చిలైటుతో బోరు దగ్గరికి వెళ్లి పాము కాటుకు బలయ్యే బాధ తగ్గవచ్చు. మన అభ్యంతరం ఒక్కటే. ఢిల్లీలో ఎరువుల శాఖ వేరు, బ్యాటరీలకు రాయితీలిచ్చే శాఖ వేరు. 2021లో 50 గిగావాట్‌అవర్ల బ్యాటరీ ఫ్యాక్టరీల కోసం 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించారు. అవన్నీ ఎల్‌ఎఫ్‌పీనే చేస్తే ఏటా సుమారు 20 లక్షల బస్తాల డీఏపీకి సమానమైన భాస్వరం కావాలి. దేశం వాడే డీఏపీలో అది ఒక శాతం లోపో, అటూఇటూనో. చిన్నదే. కానీ ఆ తర్వాత కట్టే ఫ్యాక్టరీల లెక్క ఎవరు వేస్తున్నారు?

ఇది దూరపు సంగతి కూడా కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఎల్‌ఎఫ్‌పీ పొడిని మన పద్ధతిలో తయారుచేసే విధానం రూపొందించింది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 9,500 కోట్ల బ్యాటరీ పరిశ్రమకు 2022లోనే ఒప్పందం జరిగింది. రానివ్వండి, మన పిల్లలకు ఉద్యోగాలివ్వండి. ముడి భాస్వరం ఎక్కడి నుంచి తెస్తారో కూడా అదే కాగితం మీద రాయండి.

దారులు లేకపోలేదు. కదలని చోట పెట్టే నిల్వకు బరువుతో పనిలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలోలాగా నీళ్లను కొండ మీదికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయొచ్చు. సోడియం బ్యాటరీల్లో భాస్వరం అవసరం లేని రకాలున్నాయి, పరిశోధన డబ్బు అటు పెట్టాలి. పాత బ్యాటరీల నుంచి లిథియం ఒక్కటే పిండుకుని మిగతాది పారేయకుండా, భాస్వరాన్నీ తిరిగి తీయాలని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల్లో చేర్చాలి.

మన వంతు తప్పు కూడా ఉంది. ఏళ్ల తరబడి పైరు అడిగినా అడగకపోయినా డీఏపీ గుమ్మరించాం. మన నేలల్లో చాలాచోట్ల భాస్వరం పేరుకుపోయి, మొక్కకు అందకుండా పడి ఉంది. దాన్ని కరిగించే బ్యాక్టీరియా జీవన ఎరువు డీఏపీతో పోలిస్తే కారుచవక. భూసార పరీక్ష కాగితం చూడకుండా బస్తా విప్పడం మానుకుందాం. కౌలు రైతుకు ఆ కాగితం కూడా దొరకదు, అది వేరే పోరాటం.

ఈసారి కలెక్టరేట్ల ముందు ఇచ్చే వినతిపత్రంలో డీఏపీ సరఫరా, లింకు అమ్మకాల నిషేధంతో పాటు ఇంకో మాట చేరుస్తున్నాం: బ్యాటరీ పరిశ్రమ వాడే భాస్వరం లెక్కను ఎరువుల దిగుమతి లెక్కతో కలిపి ఏటా ప్రకటించాలి. గ్రామ కమిటీలు సంతకాలు సేకరించేటప్పుడు ఈ పేజీని చదివి వినిపించండి.