బొగ్గింజనుకు రంగు చాలదు, నిప్పు కావాలి

హర్యానాలోని రేవాడీ లోకో షెడ్డును 1893లో కట్టారు. బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్లకు ఇప్పటికీ నిప్పు రాజేసి, నడిపించి, మరమ్మతు చేస్తున్న షెడ్డు దేశంలో దాదాపు అదొక్కటే. ఆవిరి యుగం ముగిశాక మూతపడ్డ దాన్ని బాగుచేసి 2010లో మ్యూజియంగా తెరిచారు. 1965లో చిత్తరంజన్‌లో తయారై, తర్వాత సినిమాల్లోనూ కనిపించిన ‘అక్బర్’ ఇంజను ఉండేది అక్కడే. వెళ్లినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ నిదానంగా చూడాల్సింది ఇంజను కింది గోతిలోకి దిగి పనిచేసే ఫిట్టర్‌ని. వారసత్వం పేరుతో మనం కాపాడుకోవలసింది అతని పనితనాన్ని. స్టేషన్ల ముందు గద్దెలెక్కించి, మళ్లీ మళ్లీ రంగు పూసే ఇంజన్ల వల్ల అది దక్కదు.

ఆవిరి ఇంజను చూడటానికి ఎంత మొరటుగా ఉంటుందో, దాన్ని నడిచే స్థితిలో ఉంచడం అంత సున్నితమైన పని. బాయిలర్‌నే తీసుకుందాం. ఫైర్‌బాక్సులో పుట్టిన వేడి పొగ సన్నటి గొట్టాల గుండా పోతుంది, వాటి చుట్టూ నీళ్లుంటాయి. నీటిలోని లవణాలు గొట్టాల మీద గార కట్టాయంటే వేడి నీటికి సరిగా అందదు, లోహమే కాలిపోవడం మొదలవుతుంది. అందుకే బాయిలర్‌ని చల్లార్చి, నీళ్లు తీసేసి, లోపలంతా క్రమం తప్పకుండా కడగాలి. ఫైర్‌బాక్సు గోడల్ని బయటి పెంకుతో కలిపి పట్టి ఉంచే కడ్డీలు వందల్లో ఉంటాయి. చేయి తిరిగిన మేస్త్రి ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి ఏది విరిగిందో చెబుతాడు. ఫైర్‌బాక్సు పైకప్పులో సీసం పోసిన బిరడా ఒకటి ఉంటుంది. నీటిమట్టం ప్రమాదకరంగా పడిపోతే ఆ సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి, సిబ్బందిని హెచ్చరిస్తుంది. అరిగిన చక్రానికి కొత్త ఉక్కు పట్టా వేయాలంటే, పల్లెల్లో ఎడ్లబండి చక్రానికి వేసినట్టే, బాగా కాల్చి తొడిగి చల్లారనివ్వాలి. నిప్పు రాజేయడంలోనూ తొందర పనికిరాదు. చల్లటి బాయిలర్‌ని ఒక్కసారిగా వేడెక్కిస్తే లోహం అన్నిచోట్లా ఒకేలా వ్యాకోచించదు, అతుకులు కారతాయి. పెద్ద ఇంజనులో ఆవిరి పుట్టడానికి గంటలకు గంటలు పట్టేది అందుకే. ఆ గంటలన్నీ పక్కన నిలబడి చూసిన ఐటీఐ విద్యార్థికి, వేడి లోహాన్ని ఏం చేస్తుందో ఇక పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పనితనం ఒకసారి చేజారితే ఏమవుతుందో చెప్పడానికి, రైలింజనుకు పుట్టినిల్లయిన బ్రిటనే సాక్ష్యం. అక్కడ ఏ1 తరగతి ఇంజన్లు 49 ఉండేవి. 1966 నాటికి అన్నింటినీ తుక్కు చేశారు. దాంతో బాధపడిన అభిమానులు చందాలు పోగుచేసి, అదే నమూనాలో ‘టోర్నడో’ అనే కొత్త ఇంజనును డార్లింగ్టన్‌లో నిర్మించారు. 1990లో తలపెట్టిన పని 2008కి గానీ పూర్తికాలేదు. డ్రాయింగులు ఉన్నాయి, డబ్బు సమకూరింది. బాయిలర్ మాత్రం జర్మనీలోని మైనింగెన్ కార్ఖానా నుంచి రావలసి వచ్చింది, ఎందుకంటే ఆవిరి ఇంజన్ల పనిని మానకుండా కొనసాగిస్తున్న చోటు అది. మన అదృష్టం కొద్దీ అలాంటి చోట్లు మనకూ కొన్ని మిగిలాయి. నీలగిరి కొండ రైలుకు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పాత ఇంజన్లు అలసిపోతే, తిరుచ్చిలోని పొన్మలై వర్క్‌షాపు 2011 తర్వాత వాటి తరహాలోనే కొత్తవి తయారుచేసి ఇచ్చింది. 1855లో లీడ్స్‌లో పుట్టి 1909లో విశ్రాంతి పొందిన ‘ఫెయిరీ క్వీన్’ను చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్స్ బాగుచేయబట్టే అది 1997లో మళ్లీ పట్టాలెక్కింది. 2011లో దాని విడిభాగాలు దొంగల పాలైతే, తిరిగి నిలబెట్టిందీ పెరంబూరు వాళ్లే. చేయి తెలిసినవాళ్లుంటే పోయిన భాగాన్ని మళ్లీ చేసుకోవచ్చు.

జనరల్ బోగీల్లో కాలు పెట్టే చోటు లేని దేశంలో పాత ఇంజన్ల మీద ఖర్చేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇది లాభాల బేరమని నేను అనను. కానీ నేర్చుకునే విద్య ఇంజనుతోనే ఆగిపోదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బియ్యం మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు, థర్మల్ కేంద్రాలు అన్నీ బాయిలర్ల మీదే ఆధారపడ్డాయి. పీడనాన్ని గౌరవించడం తెలిసిన పనివాళ్లు వాటికి నిత్యావసరం. పొగ మాటకొస్తే, ఏటా వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వుతున్న దేశానికి, అప్పుడప్పుడూ నడిచే నాలుగు ఇంజన్లు భారం కావు. నడిపితే అసలు భాగాలు అరిగిపోతాయనే అభ్యంతరం మాత్రం బరువైనది. 1855 నాటి అరుదైన యంత్రాన్ని వేడుకల కోసం పదేపదే నడపడం నాకూ సమ్మతం కాదు. అయితే 755 తయారైన, ‘అక్బర్’ కూడా చేరిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్లకు ఆ నియమం అక్కర్లేదు. అలాంటివి నడవాలి, అరగాలి, మళ్లీ మరమ్మతు కావాలి. శిక్షణ జరిగేది ఆ మరమ్మతులోనే.

ఆవిరి రోజులు కొందరికి తీపి జ్ఞాపకం, ఫైర్‌మన్‌కు మాత్రం చాకిరీ అన్నది మరో విమర్శ. అది నిజం. నిప్పు ఎదుట నిలబడి పార కొద్దీ బొగ్గు విసిరిన ఒంటి కష్టం మీదే ఆ బళ్లు నడిచాయి. బిట్రగుంట లాంటి ఊళ్లు లోకో షెడ్డు చుట్టూనే పెరిగి, ఆవిరి పోగానే వెలవెలబోయాయి. ఆ శ్రమ ఎంతటిదో గద్దె మీది ఇంజను చెప్పదు. పనిచేసే షెడ్డులో ఒక పూట గడిపితే వేడి, మసి, బరువు వాటంతటవే చెబుతాయి.

సికింద్రాబాద్‌లోని లాలాగూడ వర్క్‌షాపు కూడా రేవాడీ లాగే 1893 నాటిది. ఇప్పుడక్కడ రైలు పెట్టెల మరమ్మతు జరుగుతోంది. అందులో ఒక మూల కేటాయించి, ఒక్క ఆవిరి ఇంజనునైనా గద్దె దించి తెచ్చి, అప్రెంటిస్‌ల చేత బాగుచేయించాలి. పని జరుగుతుండగానే నెలకో రోజు ప్రజల్ని లోపలికి రానివ్వాలి. పాత ఫిట్టర్లను, బాయిలర్ మేస్త్రిలను వెతికి గురువులుగా పిలవాలి. రైల్వే ఈ పనిని వాయిదా వేయకూడదు. 1972లో చిత్తరంజన్ నుంచి చివరి ఆవిరి ఇంజను బయటికొచ్చినప్పుడు ఇరవయ్యేళ్లున్న పనివాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి.