ఖాకీ తొడిగింది ఆడదైతే?

మహిళా పోలీసులు కావాలని మనం ఎన్ని ధర్నాలు చేశామో లెక్కలేదు. స్టేషన్‌లో ఆడవాళ్ళుంటే మన గోడు వింటారని నమ్మాం. అలా నమ్మినవాళ్ళంతా సంధ్యా సూరి తీసిన ‘సంతోష్’ (2024) హిందీ సినిమా చూడాలి. చూడాలంటున్నాను గానీ, చూడనిచ్చేదెవరు? పోలీసుల హింసను, ముస్లిం ద్వేషాన్ని, స్త్రీద్వేషాన్ని చూపిన దృశ్యాల మీద సెన్సారు అభ్యంతరాలతో 2025లో ఇక్కడ విడుదలే ఆగిపోయింది. కేన్స్‌లో చూపించవచ్చట, మన ఊళ్ళో కూడదట!

కానిస్టేబుల్ భర్త అల్లర్లలో చనిపోతే కారుణ్య నియామకం కింద అదే ఉద్యోగంలో చేరుతుంది సంతోష్. అత్తింటివాళ్ళకు అక్కర్లేని మనిషికి కూడూ గూడూ ఆ ఖాకీయే. కూతురు కనబడటం లేదని వచ్చిన దళిత తండ్రిని స్టేషన్‌లో ఎగతాళి చేసి పంపేస్తారు. ఆ పిల్ల శవం బావిలో దొరికాక గానీ కేసు కదలదు. అప్పుడొస్తుంది ఇన్‌స్పెక్టర్ గీతాశర్మ. సంతోష్‌ను చేరదీస్తుంది, పని నేర్పుతుంది. మగవాళ్ళ మధ్య నెగ్గుకొచ్చిన ఆడదాన్ని చూసి మనకీ ముచ్చటేస్తుంది. ఆ గీతే సలీం అనే ముస్లిం కుర్రాణ్ణి పట్టుకొచ్చి చిత్రహింసలు పెట్టిస్తుంది. కొట్టిన చేతుల్లో సంతోష్ చేతులూ ఉన్నాయి. కుర్రాడు చచ్చిపోతాడు. అనుమానం ఊరిపెద్ద వైపు మళ్ళేది ఆ తర్వాతే.

సునీతా రాజ్వార్ గీతను రాక్షసిగా చేయలేదు, అదే భయం. షహానా గోస్వామి మాటలకంటే చూపులతోనే ఎక్కువ చెప్పింది. సినిమా నత్తనడక నడిచిందని కొందరు విసుక్కోవచ్చు. ఆ నెమ్మదే లేకపోతే లాకప్‌లో పడే ప్రతి దెబ్బకీ మనమూ చప్పట్లు కొట్టేవాళ్ళం.

కొట్టాం కూడా. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు అత్యాచార నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే మిఠాయిలు పంచినవాళ్ళలో, రాఖీలు కట్టినవాళ్ళలో ఆడవాళ్ళు లేరా? చంపాలనే కాల్చారనీ, చచ్చినవాళ్ళలో ముగ్గురు మైనర్లనీ సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ రోజే హైకోర్టు తలుపు తట్టిన కొద్దిమంది స్త్రీవాదుల్ని ఎంతమంది తిట్టారో గుర్తుందా? 1978లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసి ఆమె భర్తను కొట్టి చంపారని తిరగబడ్డ హైదరాబాదు పక్కనే జరిగిందిది.

మహిళా పోలీసుల కోసం మళ్ళీ వినతిపత్రం రాస్తాం, రాయాలి కూడా. ప్రతి స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020లో చెప్పిన మాట ఎందాకా వచ్చిందో అందులోనే అడుగుదాం. లోపల ఉన్నది ఎవరి కొడుకైనా సరే.