రామప్ప దగ్గరే వెనుదిరగొద్దు

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఈజిప్టు మమ్మీ ఎక్కడుందనే. దాన్ని చూస్తారు, పిల్లలకు చూపిస్తారు, బయటికొచ్చి పల్లీలు కొనుక్కుంటారు. కాకతీయుల నాటి రాతి శిల్పాల ముందు నిలబడేవాళ్లు తక్కువే. నిలబడినవాళ్లకు మాత్రం ఓ సందేహం రాక మానదు. ఇంత పనితనం ఉన్న రాయి ఒకప్పుడు ఏ గుడి గోడకు, ఏ స్తంభానికి అమరి ఉండేదో!

ఆ సంగతి తెలియాలంటే 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ములుగు దాటి పాలంపేటకు, అక్కడి నుంచి గణపురానికి.

ఈ దారి పట్టినవాళ్లలో గులాం యజ్దానీ ఒకరు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి ఆయన చేతికి అప్పగించింది. పాలంపేట ఆలయాల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. ఇప్పటి తారురోడ్లు, షేర్ ఆటోలు లేని రోజులవి. చుట్టూ అడవి, మధ్యలో చెరువు, చెరువు పక్కన గుడి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసేవాళ్లకు ఎప్పుడైనా ఆ పుస్తకం ప్రతి దొరికితే మాత్రం బేరమాడకుండా కొనుక్కోవడం మంచిది.

ఇప్పుడు ప్రయాణం తేలికే. రైల్లో కాజీపేటలో దిగి, హన్మకొండ నుంచి ములుగు వైపు బస్సెక్కి, జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర దిగాలి. అక్కడి నుంచి ఆటోయే గతి. ముగ్గురు కూర్చోవాల్సిన చోట ఏడుగురు, కాళ్ల దగ్గర యూరియా బస్తా, ఒళ్లో ఎవరిదో కూరగాయల సంచి. నడుం పట్టేసినా సరే, ఎదురుగా గుడి కనిపించాక ఆ బాధ గుర్తుండదు.

రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది? నక్షత్రాకారపు అరుగు, నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలే ఇటుకలు, పునాది కింద ఇసుక. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక కార్లు బాగా పెరిగాయి. ఫొటోలు దిగి, చెరువుగట్టు చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరాలని అందరూ వెనక్కి తిరుగుతారు.

చిక్కంతా అక్కడే. మరో తొమ్మిది, పది కిలోమీటర్లు వెళ్తే గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. సొంత బండి లేకపోతే ఆటో మాట్లాడుకోవాలి. రానూపోనూ ఎంతో ముందే తేల్చుకోవాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో రేటు మారిపోతుంది!

అక్కడ ఒకటి కాదు, ఒకే ప్రాకారం లోపల 22 గుళ్లు. కాకతీయ గణపతిదేవుడి పేరు మీద వెలసిన గణపేశ్వరాలయం వాటిలో పెద్దది. చుట్టూ ఉన్న చిన్న గుళ్లలో చాలావాటికి శిఖరాల్లేవు. కొన్నింటి గోడలు ఒరిగిపోయాయి, కొన్ని రాళ్ల కుప్పలుగా మిగిలాయి. పెద్ద గుడి దగ్గర రామప్పను తలపించే మదనికలున్నాయి. ఏనుగుపై స్వారీ చేసే, సగం మనిషి సగం సింహం రూపాలు కూడా ఉన్నాయి. వాటి ముందు క్యూ ఉండదు. జరగమనేవాళ్లూ ఉండరు.

రామప్ప నిండుగా నిలబడి ఉంది కాబట్టి దాని లోగుట్టు కనిపించదు. గోడ గోడలాగే, కప్పు కప్పులాగే ఉంటుంది. గణపురంలో గుడి విప్పి పరిచినట్టుంటుంది. రాయి మీద రాయి ఎలా కూర్చోబెట్టారో, పైకప్పు బరువు స్తంభం మీదికి ఎలా దిగిందో విరిగినచోట అర్థమవుతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలను తీసుకెళ్తే అక్కడే ఓ పూట పాఠం చెప్పొచ్చు.

కానీ పడిన రాళ్లకు ఉన్న విలువంతా అవి పడినచోటే ఉండటంలో ఉంది. ఒక దూలం పక్కకు జరిగినా, ఒక శిల్పం మాయమైనా ఏ రాయి ఏ గుడిదో ఇక తేలదు. ఎంత భద్రంగా అద్దాల పెట్టెలో పెట్టినా ఊరూ గోడా తెలియని శిల్పంగానే మిగులుతుంది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరాలి. ముందు గణపురం, తర్వాత రామప్ప పెట్టుకుంటే ఇంకా నయం. నీళ్ల సీసా, గట్టి చెప్పులు తప్పనిసరి. వానలు పడ్డాక గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది కాబట్టి రాళ్ల సందుల్లో చూసుకుని అడుగేయాలి.