మంచు లేని ఊరికి గాజుగది ఏల?

ఉప్పల్ నుండి నాచారము, ఈసీఐఎల్ కూడలి దాటి దమ్మాయిగూడకు పోవు త్రోవలో తలయెత్తి చూచువారికి, నీళ్ల ట్యాంకుల సరసనే పాత డ్రమ్ములలోను గ్రో బ్యాగులలోను పెరుగుచున్న గోంగూర, టమాట, బీరపాదులు నానాటికి ఎక్కువగా కానవచ్చుచున్నవి. వ్యవసాయగ్రామముగా నుండి, పురపాలక సంఘమై, నేడు ప్లాట్లుగా విడిపోయిన ఈ ప్రాంతమున నేలను కోల్పోయిన సేద్యము మిద్దె నెక్కినదనుట అతిశయోక్తి కానేరదు. చేరువనే నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి కప్పుపై కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అను గ్రంథము వ్రాసి, ఎందరికో దారి చూపిరి. ఇది సంతోషింపదగిన పరిణామమే. కాని తోటలతోపాటు ఒక పొరబాటు కూడ మిద్దె నెక్కుచున్నది: శీతలదేశముల వారు మొక్కలకై కట్టుకొను వెచ్చని గదిని, గాజునకు మారుగా పాలిథీన్ షీటు కప్పి, మండుటెండల హైదరాబాదులో నిలువబెట్టుట.

ఆ గది అక్కడ ఏల అవసరమో ముందు గ్రహింపవలెను. అమెరికాలో ఎడిసన్‌లోనో చికాగో శివారులోనో కాపురమున్న మన తెలుగు గృహిణి గోంగూర తినగోరినచో, ఏప్రిల్ ఉత్తరార్ధము వరకు, చికాగో వైపున మే నెల నడుమ వరకు, మంచుకాటు భయము విడువదు. శరత్కాలమున మరల మంచు పడునంతలో కాపు ముగియవలెను. కనుక ఆమె మార్చి నెలలోనే నేలమాళిగలో దీపముల వెలుగున నారు పోసి, కడపటి మంచు ఎప్పుడు పడునో అంచనా వేసి, ఆ దినమునుండి వెనుకకు వారములు లెక్కించి, పెరటిలో చిన్న షెడ్డు కట్టి అందులో నారుమొక్కలను బయటి గాలికి అలవాటు చేసి, పిమ్మట నేలలో నాటును. మన దేశముననే లేహ్‌లో రక్షణశాఖవారి పరిశోధనాలయము అతిశీతల ప్రదేశముల సేద్యమును అధ్యయనము చేయుచున్నది. లడఖ్ రైతులు దక్షిణపు ఎండకు ఎదురుగా, ఉత్తరమున మందపు మట్టిగోడతో మొక్కలగదులు కట్టి, గడ్డకట్టు చలిలో సైతము ఆకుకూరలు పండించుచున్నారు. ఎండను లోనికి రానిచ్చి, వేడెక్కిన గాలిని బయటికి పోనీయకుండుట ఆ గది చేయు పని. అక్కడ వేడిమియే ధనము, దానిని కూడబెట్టుటయే తోటమాలి విద్య.

మన సంగతి అట్లు కాదు. బేగంపేట వాతావరణ కేంద్రపు లెక్కలలో హైదరాబాదు నగరమున నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత, 1946 జనవరిలో, 6.1 డిగ్రీలు, గరిష్ఠము 1966 జూన్ 2న, అనగా రోళ్లు పగులునని పేరుపడిన రోహిణికార్తెలో, 45.5 డిగ్రీలు. నీరు గడ్డకట్టని ఊరిలో మంచునుండి మొక్కను కాపాడు గది దేనికి? పైగా మన మొక్కలు మట్టినేల మీద గాక సిమెంటు స్లాబు మీద నున్నవి. అది పగలెల్ల త్రాగిన వేడిని రాత్రియెల్ల విడుచుచుండును. దానిపై నలువైపుల మూసిన పాలిథీన్ గది కట్టినచో ఏప్రిల్ నాటికి అది ఆవిరి కుడుమును వండు పాత్రయే యగును. పగటి వేడి 35 డిగ్రీలు మించి, రాత్రి కూడ చల్లబడనప్పుడు టమాట పూత పిందె కట్టక రాలిపోవుననునది రైతులందరెరిగిన విషయమే.

ఉష్ణదేశమున గాజుగది ఏమగునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. 1851లో లండనులో జోసెఫ్ ప్యాక్స్‌టన్ అను తోటమాలి నిర్మించిన స్ఫటికప్రాసాదము నాదర్శముగా గొని, 1889లో శంకుస్థాపన జరిగిన బెంగళూరు లాల్‌బాగు గాజుభవనమున జరుగునవి పుష్పప్రదర్శనలే గాని మొక్కల పెంపకము కాదు. మనకంటె ఎంతో చల్లనైన ఆ నగరమున సైతము దాని ప్రక్కలు తెరచియే యున్నవి.

మన పూర్వులు మొక్కకు ఆశ్రయము కల్పింపకపోలేదు. అయితే వారు కట్టినది పందిరి. అవిసెచెట్ల నీడలో తమలపాకు తీగను పెంచిన ఆకుతోటలును, హైదరాబాదు చుట్టుపట్ల రాతి కడీలపై తీగె లల్లి అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పండించిన పందిళ్లును ఒకే సూత్రమును పాటించినవి: పైన నీడ, ప్రక్కల గాలి. ఆ ద్రాక్షతోటలలో పెక్కు నేడు ఇండ్లస్థలములైనవి గాని, ఆ సూత్రము మాత్రము చెల్లకపోలేదు.

పాలిథీన్ గదులను, అనగా పాలీహౌసులను, సమర్థించువారి వాదమునకు ఆధారము లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వము 2014 తరువాత పాలీహౌసులకు 75 శాతము సబ్సిడీ ప్రకటించినది. జీడిమెట్లలో ఉద్యానశాఖవారి శ్రేష్ఠతాకేంద్రము రక్షితసేద్యమును రైతులకు చూపుచున్నది. క్యాప్సికము, జర్బెరా వంటి పంటలకు వానదెబ్బ, పురుగుదెబ్బ తప్పుననుటయు నిజమే. కాని ఆ కట్టడములకు ఎత్తైన కప్పు, గాలిద్వారములు, మంచుతుంపరల వలె నీటిని చిమ్ము ఫాగర్లు, కొన్నింటికి ఫ్యాన్లు, తడిమెత్తలు, విడువని విద్యుత్తు కావలెను. అమ్మకమునకై ఎకరములలో పండించు రైతునకు గిట్టుబాటగునది, ఇంటికూరకై పది కుండీలు పెట్టుకొను గృహస్థునకు వృథావ్యయము.

అయినను శీతలదేశపు తోటమాలినుండి మనము నేర్వవలసినది ఒకటి కలదు: అది అతని ముందుచూపు. మొక్కకు శత్రువైన ఋతువు ఎప్పుడు వచ్చునో గుర్తించి, అచ్చటినుండి వెనుకకు లెక్కించి విత్తుట అతని పద్ధతి. మన శత్రువు రోహిణి యగుటచే, లెక్క రోహిణినుండి వెనుకకు సాగవలెను. బీర, దోస, కాకర, బెండ సంక్రాంతికి విత్తినచో, విత్తిన సుమారు ఏబది దినములకు కాపు మొదలిడి, ఉగాది నాటికి పందిరినిండ కాయ నుండును. మనవారు పలువురు ఉగాదికి ఉత్సాహపడి అప్పుడు విత్తనములు కొని, మొక్క పూతకు వచ్చువేళకు నడివేసవి పాలు చేయుదురు. పుష్యమాసపు రాత్రుల చలికి తీగజాతి విత్తులు మొలకెత్తుట ఆలస్యమగును గనుక, ట్రేలో కొబ్బరిపొట్టు నింపి విత్తి, మొలక వచ్చువరకు పారదర్శకమైన పాలిథీన్ కప్పవచ్చును. గాజుగదితో మనకు గల అవసరము ఆ పాటిదే.

ఇక కట్టవలసినది నీడపందిరి. జి.ఐ. పైపులతోనో వెదుళ్లతోనో ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తున చట్రము నిలిపి, పైన 50 శాతపు షేడ్ నెట్ పరచి, పడమటి ఎండకు అడ్డముగ మరియొక వల తెరవలె వ్రేలాడదీసి, తక్కిన ప్రక్కలను విడిచిపెట్టవలెను. స్లాబుకు రంధ్రములు వేసినచో వానాకాలమున ఇల్లు కారును. స్తంభములను ఇసుకతోనో కాంక్రీటుతోనో నింపిన డబ్బాలలో నాటి, పిట్టగోడకు గట్టిగ బిగించుట మేలు, ఏలన వేసవి ఈదురుగాలులకు వల తెరచాప వలె నెగురును. మృగశిర ప్రవేశించి మబ్బులు క్రమ్మిన పిదప ఆ వలను చుట్టి దాచవలెను. వానకాలపు కొద్దిపాటి వెలుతురును అడ్డగించినచో మొక్కలు పాలిపోయి సన్నగ సాగును. శీతకాలపు క్యాబేజీ, టమాట నారును శ్రావణ భాద్రపదములలో పోయునప్పుడు మాత్రము అదే చట్రముపై షీటు కప్పి జడివాననుండి కాపాడవచ్చును. ఒక్క చట్రము, రెండు కప్పులు, మూడు కాలములు: ఇంతకు మించిన షెడ్డు మన ఇండ్లకు అక్కరలేదు.

ప్రభుత్వము చేయదగిన పనియు కలదు. ఉద్యానశాఖవారు కార్తెల వారీగా నగరపు మిద్దెతోటలకు తగిన విత్తు పట్టికను ముద్రించి వార్డు కార్యాలయములలో పంచవలెను. కాలనీలలో పార్కులకై వదలి, ముండ్లకంపలకు విడిచిన స్థలములలో ఒక్కొక్క నీడపందిరి వేయించి, ఆరోగ్యకరమైన నారును చౌకగా అందింపవలెను. జవహర్‌నగరు చెత్తగుట్టల దుర్గంధము నెరిగిన దమ్మాయిగూడవాసులకు, తడిచెత్తను ఇంటనే ఎరువుగా మార్చు విధానమును నేర్పవలెను. పాఠకులకు నా మనవి యొక్కటే: పాలిథీన్ గదికి బయానా ఇచ్చుటకు ముందు ఒక మే నెల మధ్యాహ్నము మీ మిద్దెపై పది నిమిషములు నిలువుడు, మీరు కోరుకొన్న నీడనే మీ మొక్కకును ఇండు.